మాల్ పార్కింగ్‌లో అనవసరంగా డబ్బు కట్టకుండా బయటికి రావడం ఎలా?

హైదరాబాద్‌లో ఏ ఆదివారం సాయంత్రమైనా ఏదో ఒక మాల్ సెల్లార్లో, బయటికెళ్ళే గేటు దగ్గర ఈ సీను తప్పదు. ముందు కారులో ఒకాయన అద్దం దించి జేబులన్నీ తడుముకుంటూ ఉంటాడు. పక్క సీట్లో ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో బోర్లించుకుని బిల్లు వెతుకుతుంటుంది. వెనక పది కార్లు, హారన్ల మోత. చివరికి ఆయన "ఎంతోయ్?" అని విసుక్కుని ఓ యాభయ్యో అరవయ్యో చేతిలో పెట్టి, "దోపిడీ" అని గొణుక్కుంటూ వెళ్ళిపోతాడు. వెనక సీట్లో చూస్తే రెండు వేల రూపాయల బట్టల సంచి. ఆయన కట్టాల్సింది సున్నా.

ఇది చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను. మా ఇంట్లో కారు తీసేది నేనే, సెల్లార్లో దిగేది నేనే. ఈ పని పెద్ద విద్యేమీ కాదు, కానీ వరస తప్పితే పనిచేయదు.

ముందు రూల్ తెలుసుకోండి

తెలంగాణ మున్సిపల్ శాఖ 2018 మార్చిలో జీవో నంబర్ 63 ఇచ్చింది. ఆ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాలకు వర్తిస్తుంది. దాని ప్రకారం మొదటి 30 నిమిషాలు ఎవరికైనా ఉచితం, ఏమీ కొనకపోయినా సరే. 30 నిమిషాలు దాటి గంట లోపైతే అక్కడ ఏదైనా కొన్నట్టు బిల్లు చూపిస్తే ఉచితం, బిల్లు ఎంతదైనా ఫర్వాలేదు. గంట దాటితే మాత్రం, పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ మొత్తానికి బిల్లు గానీ సినిమా టికెట్ గానీ చూపిస్తేనే ఉచితం. ఆంధ్రప్రదేశ్ కూడా 2025 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి పెట్టింది.

ఎయిర్‌పోర్టులో, రైల్వే స్టేషన్లో ఈ జీవో పేరెత్తకండి, నవ్వుతారు. మల్టీప్లెక్స్ కాని మామూలు సింగిల్ థియేటర్లకు 2021 జూలైలో తెలంగాణ ప్రభుత్వమే పార్కింగ్ వసూలుకు అనుమతిచ్చింది. అక్కడ అడిగింది కట్టి సినిమా చూసుకోండి.

ఇంకో మాట. పార్కింగ్ అంటే ఎప్పుడూ, ఎక్కడా ఫ్రీగానే ఉండాలనే బ్యాచ్ కాదు నేను. ప్రపంచంలో మొదటి పార్కింగ్ మీటరు 1935 జూలైలో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో పెట్టారు, గంటకు ఐదు సెంట్లు. ఎందుకంటే అక్కడ ఉద్యోగాలు చేసేవాళ్ళు పొద్దున్నే కార్లు తెచ్చి షాపుల ముందు పెట్టేసి సాయంత్రం దాకా తీసేవాళ్ళు కాదు, కొనడానికి వచ్చినవాళ్ళకు చోటు దొరికేది కాదు. మన మాల్స్‌లోనూ అంతే. పక్క బిల్డింగులో ఆఫీసు ఉన్నాయన పొద్దున తొమ్మిదికి కారు మాల్లో పెట్టి రాత్రి ఏడింటికి తీస్తానంటే కట్టాల్సిందే, న్యాయం కూడా అదే. కానీ కొనడానికి వచ్చినవాడి దగ్గర సరుకుకీ తీసుకుని, ఆ సరుకు కొనడానికి కారు ఆపినందుకూ తీసుకుంటే ఒకే పనికి రెండుసార్లు పిండినట్టు. బిల్డింగుకి అనుమతి ఇచ్చేటప్పుడే పార్కింగ్‌కి ఇంత స్థలం వదలాలని షరతు ఉంటుంది. ఆ సెల్లార్ వాళ్ళు మనకు దానంగా ఇచ్చింది కాదు.

కావాల్సినవి

ఛార్జింగ్ ఉన్న ఫోను. కొంచెం చిల్లర. ఓపిక. అంతే.

లోపలికి వెళ్ళేటప్పుడు

స్లిప్పు తీసుకోగానే దాని మీద టైము చూడండి. వెంటనే, గేటు దాటకముందే. చాలామంది ఆ కాగితాన్ని చూడకుండానే డ్యాష్‌బోర్డు మీదికి విసిరేస్తారు. ఒకసారి ఒక మాల్లో నేను లోపలికి వెళ్ళింది 6.03కి, స్లిప్పు మీద పడింది 5.54. ఎంట్రీ మిషన్ గడియారం తొమ్మిది నిమిషాలు వెనక ఉంది, ఎగ్జిట్ కంప్యూటర్ గడియారం మాత్రం కరెక్టుగా ఉంది. నేను గేటు దగ్గరికి వచ్చింది 6.58కి. నా లెక్కలో 55 నిమిషాలు, వాళ్ళ లెక్కలో 64. నా చేతిలో ఉన్నది పాతిక రూపాయల మంచినీళ్ళ సీసా బిల్లు. గంట లోపైతే ఆ బిల్లు చాలు, గంట దాటితే చాలదు. ముప్పై రూపాయలు కట్టి వచ్చాను. అంతసేపు నోరు పారేసుకున్నాక కూడా కట్టాను, అదీ బాధ.

అప్పట్నుంచీ స్లిప్పు తీసుకోగానే ఫోనుతో ఫొటో తీస్తాను. ఫొటోకి టైము దానంతటదే పడుతుంది. తేడా ఉంటే ఎంట్రీ దగ్గరున్న అబ్బాయికే చూపించి స్లిప్పు మీద పెన్నుతో రాయించుకోవాలి. లోపలికి వెళ్ళాక ఎవరూ రాయరు.

స్లిప్పు ఎడమ జేబులో పెట్టుకోవాలి. కుడి జేబులో ఫోను ఉంటుంది, దాన్ని తీసినప్పుడల్లా స్లిప్పు కిందపడుతుంది. పర్సులో పెడతామంటారా, పెట్టుకోండి, తర్వాత ఏటీఎం చీటీల మధ్య వెతుక్కోండి.

కారు పెట్టడం

రివర్స్‌లో పెట్టండి. పిల్లర్ నంబర్ ఫొటో తీయండి. బీ2 అనుకుని బీ3లో తిరిగే పది నిమిషాలు కూడా మీ గంటలోంచే పోతాయి.

వ్యాలే, అంటే తాళం ఇస్తే కారు వాళ్ళే తీసుకెళ్ళి పెట్టే ఏర్పాటు, వద్దు. సోమరితనమని కాదు, ఆ డబ్బు ఏ జీవోలోకీ రాదు. అది వాళ్ళు చేసే పనికి తీసుకునేది. ఇచ్చేటట్టయితే వాళ్ళిచ్చే టోకెన్ మాత్రం జాగ్రత్త. దాని వెనక "కారుకు యజమానిదే బాధ్యత" అని ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో ఉంటుంది. అది చూసి భయపడకండి. 1998లో ఢిల్లీలో ఒక స్టార్ హోటల్లో వ్యాలేకి ఇచ్చిన మారుతీ జెన్ చోరీ అయింది. ఆ కేసులో 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు, తాళం చేతికి తీసుకున్నాక హోటల్ నిర్లక్ష్యం ఉంటే ఆ చిన్న అక్షరాలు హోటల్‌ని కాపాడవని చెప్పింది. ఇరవై ఒక్కేళ్ళు పట్టింది అనుకోండి.

బిల్లు

ఏది కొన్నా బిల్లు అడగాలి. కాగితం బిల్లే అడగాలి. ఇప్పుడు ఎక్కడ చూసినా "సార్, మీ నంబర్ చెప్పండి, మెసేజ్ వస్తుంది" అంటారు. మెసేజ్ వస్తుంది, అందులో లింకు ఉంటుంది, సెల్లార్లో సిగ్నల్ ఉండదు, లింకు తెరుచుకోదు. సినిమా టికెట్టుదీ అదే కథ, యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే పైన ఉండగానే, ఎస్కలేటర్ ఎక్కకముందే, బిల్లుకీ టికెట్టుకీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మొత్తం ఎంతో, తేదీ ఏదో కనిపించేలా తీయాలి. క్యూఆర్ కోడ్ ఒక్కటే తీస్తే ఏం లాభం?

అసలు పని: గేటుకు ముందు పది నిమిషాలు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, అందరూ పాడుచేసుకునేది ఇక్కడే.

గేటు దగ్గర వాదించి గెలుద్దామనుకుంటారు. గెలవలేరు. అక్కడ మీ వెనక పది కార్లు ఉంటాయి, ఆ పది కార్లూ బూత్‌లో అబ్బాయి వైపే. మీరు చేయాల్సిందంతా కారు స్టార్ట్ చేయకముందే చేయాలి.

కార్లో కూర్చుని ముందు టైము లెక్కపెట్టండి, మీ వాచీ ప్రకారం కాదు, స్లిప్పు మీదున్న టైము ప్రకారం. ఆదివారమైతే గేటు దగ్గర క్యూలో పట్టే పది నిమిషాలు కూడా కలపండి, గేటు దగ్గరికి చేరిన టైమే లెక్క. ఇప్పుడు మీరు ఏ గడిలో ఉన్నారో తెలుస్తుంది. 25 నిమిషాలకే తిరిగొచ్చారా, బిల్లు గురించి ఆలోచించకండి, పరుగెత్తండి. 50 నిమిషాలైందా, ఏ చిన్న బిల్లయినా చాలు. పాప కొనుక్కున్న పాప్‌కార్న్ బిల్లయినా సరే. కానీ ఆ పాప్‌కార్న్ బిల్లు పట్టుకుని క్యూలో పదిహేను నిమిషాలు నిలబడితే గంట దాటిపోతుంది, అప్పుడు దాని మొత్తం పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువుందా లేదా అనేది చూస్తారు. అందుకే క్యూ పొడుగ్గా ఉన్న రోజు చిన్న బిల్లుని నమ్ముకోవద్దు. ఉన్నవాటిలో పెద్ద బిల్లు పైన పెట్టుకోండి. నేనైతే ఒక్కటే చూపిస్తాను. నాలుగు బిల్లులు ఇస్తే అబ్బాయి నాలుగూ చదువుతూ కూర్చుంటాడు.

ఫీజు ఎంతో ముందే తెలిసి ఉండాలి. రేటు బోర్డు ఎంట్రీ దగ్గర ఉంటుంది, దాన్ని కూడా ఫొటో తీసుకుంటే మంచిది. మూడు గంటలకు ఫీజు అరవై అయితే, మీరు తాగిన యాభై రూపాయల కాఫీ బిల్లు చాలదు. "మిగతా పది ఇస్తాలే" అంటే కుదరదు, మొత్తం కట్టాలి. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు, వాదించకండి.

ఫాస్టాగ్‌తో డబ్బు కట్ అయ్యే చోట ఇంకా జాగ్రత్త. గేటు దగ్గరికి వెళ్ళేసరికి అద్దం మీద స్టిక్కర్ని మిషన్ చదివేస్తుంది, మీరు బిల్లు తీసేలోపే ఫోను టింగుమంటుంది. కట్ అయినదాన్ని వెనక్కి రప్పించడం వేరే యజ్ఞం. అలాంటి చోట లోపలే, లిఫ్టు పక్కన ఉండే పార్కింగ్ కౌంటర్లో బిల్లు చూపించి స్లిప్పు క్లియర్ చేయించుకుని రండి. కౌంటర్ ఎక్కడుందో లోపలికి వెళ్ళేటప్పుడే అడగండి.

ఇక గేటు దగ్గర. అద్దం మొత్తం దించండి, సగం కాదు. స్లిప్పు, బిల్లు రెండూ కలిపి ఒకేసారి చేతికివ్వండి. ముందు స్లిప్పు ఇచ్చి, అతను "యాభై సార్" అన్నాక బిల్లు తీస్తే పని రెండింతలవుతుంది. అప్పటికే కంప్యూటర్లో నొక్కేసి ఉంటాడు. ఒకసారి ఒక కుర్రాడు నాతో అన్నాడు, "సార్, ఒకసారి ఎంట్రీ కొట్టాక క్యాన్సిల్ చేస్తే రాత్రి లెక్కలో నన్నే అడుగుతారు, ముందే చెప్పండి." ఆ మాట విన్నాక నాకు గేటు దగ్గర కోపం సగం తగ్గింది. అతను ఏజెన్సీ మనిషి, మాల్ మనిషి కూడా కాదు, రూల్ అతను పెట్టిందీ కాదు.

కాబట్టి జీవో 63 అని అరుస్తూ మొదలుపెట్టకండి. "తమ్ముడూ, గంట దాటింది, ఇదిగో బిల్లు, ఎగ్జెంప్ట్ కొట్టు" అనండి. నూటికి తొంభై సార్లు అయిపోతుంది. "మా దగ్గర అట్లేం లేదు సార్" అంటే సూపర్‌వైజర్ని పిలవమనండి, కారు మాత్రం పక్కకు తీయండి. కారు అడ్డంగా పెట్టి పంచాయితీ పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వెనకున్న కార్లో ముసలావిడ ఉండొచ్చు, ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు ఉండొచ్చు. సూపర్‌వైజర్ కూడా ఒప్పుకోకపోతే డబ్బు కట్టేయండి. అవును, కట్టేయండి. కానీ రసీదు తీసుకోండి.

స్టాంపు

డబ్బు తీసుకున్నా, మినహాయించినా స్లిప్పు మీద "పెయిడ్" అనో "ఎగ్జెంప్టెడ్" అనో ముద్ర పడాలి. ఇది కూడా రూలే. "అవసరం లేదు సార్, వెళ్ళండి" అంటారు. అవసరం మీకు. ముద్ర లేని స్లిప్పుతో తర్వాత మీరేం ఫిర్యాదు చేస్తారు?

కట్టాక ఏం చేయాలి?

స్లిప్పు, బిల్లు, రసీదు మూడూ ఒకే ఫొటోలో పడేలా సీటు మీద పరిచి తీయండి. హైదరాబాద్‌లోనైతే జీహెచ్‌ఎంసీ నంబర్ 040-21111111కి చెప్పొచ్చు. ఎక్కడివారైనా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదులో "దోచుకుంటున్నారు" లాంటి మాటలు రాయొద్దు. మాల్ పేరు, తేదీ, లోపలికి వెళ్ళిన టైము, బయటికి వచ్చిన టైము, బిల్లు మొత్తం, వసూలు చేసిన మొత్తం, ఈ ఆరు చాలు. ఈ జీవోని ఉల్లంఘించిన మాల్స్‌కి హైదరాబాద్‌లో యాభై వేల చొప్పున జరిమానాలు వేశారు. వాటిలో మామూలు మనుషులు పెట్టిన ఫిర్యాదుల మీద వేసినవీ ఉన్నాయి.

మా బావ ఇదంతా విని "ముప్పై రూపాయలకి ఇంత యాగీయా" అంటాడు. ఆయన పద్ధతి వేరు, మాల్లోకి వెళ్ళకుండా వెనక సందులో కారు పెట్టి నడిచొస్తాడు. పోయిన దసరాకి చీరల సంచులతో సందులోకి వెళ్ళేసరికి ముందు చక్రానికి క్లాంప్ ఉంది. చలాను కట్టి క్లాంప్ తీయించుకునేసరికి గంటన్నర. అంతసేపూ అక్క కారు పక్కన నిలబడే ఉంది, ఒక్క మాట కూడా అనలేదట.