డ్రెయిన్ ప్లగ్ ఊడి రావడం లేదా? బలం పెట్టేముందు ఇవి చూడండి

ఇంట్లో ఇంజిన్ ఆయిల్ మార్చుకునేవాళ్ళు ఎక్కువగా ఇరుక్కుపోయేది ఆయిల్ సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ దగ్గరే. పాత ఆయిల్‌ను బయటికి వదలడానికి విప్పే బోల్టు ఇది. ప్లగ్ రాకపోతే పోయేదేమీ లేదు, ఇంకో రోజు చూసుకోవచ్చు. దాని తల మూలలు అరిగిపోతేనే అసలు కష్టం మొదలవుతుంది. అందుకే స్పానర్ ఒక్కసారి జారినా వెంటనే ఆపేయండి.

కారు సమంగా ఉన్న నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, జాక్ స్టాండ్ల మీద నిలబెట్టండి. బిగిసిన బోల్టును గట్టిగా లాగితే కారు ఊగుతుంది, కాబట్టి ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఎంత లాగినా కదలడం లేదు

ముందు దిశ సరిచూసుకోండి. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎడమ కుడి తారుమారై, తెలియకుండానే ఇంకా బిగించేస్తుంటారు. ప్లగ్ తలకు ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పాలి. మీరు పట్టుకున్నది ఇంజిన్‌దా, గేర్‌బాక్స్‌దా అన్నది కూడా మాన్యువల్‌లో చూసుకోండి.

రెండూ సరిగ్గానే ఉంటే, కారణం చాలాసార్లు క్రితంసారి అతిగా బిగించడమే. లేదా పాత వాషర్ నలిగి అతుక్కుపోయి ఉంటుంది. లోపలి మరలు (ప్లగ్‌నూ సంప్‌నూ కలిపి పట్టి ఉంచే గాడులు) ఎప్పుడూ ఆయిల్‌లోనే తడుస్తుంటాయి కాబట్టి తుప్పు ఎక్కువగా పట్టేది బయట, తలకూ సంప్‌కూ మధ్య. తుప్పు వదిలించే స్ప్రే కొట్టాల్సింది అక్కడే. కొట్టాక 15, 20 నిమిషాలు ఆగండి.

ఆరు మూలల సాకెట్‌నే వాడండి. పన్నెండు మూలలది అంచులను మాత్రమే పట్టుకుంటుంది, అడ్జస్టబుల్ స్పానర్ అసలు వద్దు. సాకెట్‌ను పూర్తిగా లోపలికి నొక్కి, పొడవాటి హ్యాండిల్‌తో తిన్నగా లాగండి. పిడి ఎంత పొడుగుంటే అంత తక్కువ బలం చాలు. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉంటే మంచిది, కానీ మరిగే ఆయిల్ చేతిమీద పడితే బొబ్బలెక్కుతాయి. బ్లో టార్చ్‌తో మంట పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి, లోపలున్నది ఆయిల్.

స్పానర్ జారిపోతోంది, మూలలు అరిగాయి

సైజు తప్పిన సాకెట్ వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. తల ఇంకా పట్టుకునేలా ఉంటే వైస్ గ్రిప్‌ను (పట్టుకున్నాక వదలకుండా బిగిసి ఉండే పట్టకారు) గట్టిగా బిగించి తిప్పి చూడండి. దానికీ లొంగకపోతే అరిగిన బోల్టుల కోసమే దొరికే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ తెచ్చుకోండి. లోపల మెలికలు తిరిగిన పళ్ళు ఉంటాయి, విప్పేకొద్దీ తలను ఇంకా గట్టిగా కరుచుకుంటాయి. నా ఉద్దేశంలో దీని మీద పెట్టిన డబ్బు వృథా కాదు. తల అంచున ఉలి ఆనించి, విప్పే దిశలో సుత్తితో కొట్టడం చివరి దారి. సంప్ అల్యూమినియందైతే దెబ్బకు పగలవచ్చు, కాబట్టి ఈ పని మెకానిక్‌కు వదిలేయడం మేలు.

ఎలా ఊడి వచ్చినా ఆ ప్లగ్‌ను మళ్ళీ వాడకండి.

తిరుగుతోంది, బయటికి రావడం లేదు

మరలు పోయాయన్నమాట. తల వెనక సన్నని స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా బయటికి ఎత్తిపడుతూ తిప్పండి. వచ్చాక కొత్త ప్లగ్ పెట్టినా నిలవదు. సంప్‌లో కొత్త మరలు వేయించాలి, లేదా సంప్‌నే మార్చాలి. మరలు వేస్తే లోహపు రజను లోపల పడుతుంది, దాన్ని పూర్తిగా కడిగించాకే ఆయిల్ పోయాలి.

తిరిగి బిగించేటప్పుడు

కొత్త వాషర్ వేసి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. చేత్తో సాఫీగా ఎక్కకపోతే మర తప్పిందని అర్థం, విప్పి మళ్ళీ మొదలుపెట్టండి. తర్వాత టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానర్) మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. చాలా కార్లకు అది 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఆయిల్ పోశాక ఇంజిన్‌ను రెండు నిమిషాలు నడిపి ఆపండి. ప్లగ్ చుట్టూ పొడిగుడ్డతో తుడిచి చూడండి, తడి తగలకపోతే డిప్‌స్టిక్‌తో మట్టం చూసుకోండి.