సర్వే సైటులో చేరే ముందు మీ వివరాలు ఎక్కడికి వెళ్తాయో తెలుసుకోవడం ఎలా?

మా చెల్లెలి కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వేసవి సెలవుల్లో ఒక సర్వే సైటులో చేరింది. టూత్‌పేస్టు మీద సర్వే పూర్తి చేస్తే ముప్పై పాయింట్లు ఇస్తారట. పక్కన కూర్చుని చూశాను. ముందు పుట్టిన తేదీ, పిన్ కోడ్ అడిగారు. తరువాత ఇంట్లో ఎంతమంది ఉంటారు, నాన్నగారి నెల ఆదాయం ఎంత, ఎవరికైనా షుగరు ఉందా అని అడిగారు. ‘అమ్మ’ అన్న చోట టిక్కు పెట్టింది. టూత్‌పేస్టు ఊసు నాలుగో పేజీలో గానీ రాలేదు.

మా చెల్లెలికి షుగరు ఉన్న సంగతి చుట్టాల్లోనే చాలామందికి తెలియదు. ఆమెను ఒక్కమాట అడగకుండానే ఆ సంగతి ఎవరికో చేరిపోయింది. నాకు మనసు చివుక్కుమంది.

సర్వేలన్నీ మోసమని నేను అనను. పద్ధతిగా నడిచే సైటులో మీ వివరాలు రెండు చోట్ల ఉంటాయి. పేరు, మెయిలు, ఫోను నంబరు సైటు దగ్గర ఉంటే, జవాబులు సర్వే చేయించుకున్న కంపెనీకి వెళ్తాయి. ఆ రెండింటినీ కలిపేది సైటు మీకు ఇచ్చిన ఒక సభ్యత్వ సంఖ్య. ఆ సంఖ్య ఎవరిదో చెప్పే పట్టిక సైటు గడప దాటకూడదు. చేరే ముందు మీరు ఆరా తీయవలసింది దాని గురించే.

1. ప్రైవసీ పాలసీలో నాలుగు మాటలు వెతకండి

పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ లింకు ఉంటుంది. మొత్తం చదివే ఓపిక ఎవరికీ ఉండదు. బ్రౌజరు మెనూలో ‘ఫైండ్ ఇన్ పేజ్’ తెరిచి షేర్, పార్ట్‌నర్స్, రిటెన్షన్, డిలీట్ అనే మాటలను ఇంగ్లీషులో టైపు చేసి వెతకండి. ‘మీ జవాబులను పేరు లేకుండా, అందరి జవాబులతో కలిపి ఇస్తాం’ అని ఉంటే మంచిదే. ‘మా భాగస్వాములు ప్రచారం కోసం వాడుకోవచ్చు’ అని ఉంటే మాత్రం రేపటి నుంచి అప్పులిస్తామని, ప్లాట్లు అమ్ముతామని ఫోన్లు వస్తాయని అర్థం. ఎంతకాలం దాచుకుంటారో రాయని సైటును, ఫిర్యాదుకు చిరునామా లేని సైటును నేనైతే నమ్మను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అడిగే నోటీసును తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు కల్పించాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. తెలుగులో నోటీసు కావాలని సైటుకు మెయిలు రాయడానికి మొహమాటపడకండి.

2. గూగుల్, ఫేస్‌బుక్ బటన్‌తో లోపలికి వెళ్లకండి

అలెగ్జాండర్ కోగన్ అనే పరిశోధకుడు తయారుచేసిన వ్యక్తిత్వ పరీక్ష యాప్ అలాగే ఫేస్‌బుక్ ఖాతాతో తెరుచుకునేది. మన దేశంలో దాన్ని ఇన్‌స్టాల్ చేసుకున్నవారు 335 మందే. దాన్ని వాడినవారికి స్నేహితులుగా ఉన్న పాపానికి సుమారు 5.62 లక్షల మంది భారతీయుల వివరాలు ఎన్నికల ప్రచారానికి సలహాలిచ్చే కేంబ్రిడ్జ్ అనలిటికా అనే బ్రిటన్ కంపెనీకి చేరి ఉండవచ్చని ఫేస్‌బుక్ 2018లో ప్రకటించింది.

సర్వేలకు విడిగా ఒక మెయిలు పెట్టుకోండి. జీమెయిల్ ఉన్నవారికి ఇంకో మార్గం ఉంది. మీ మెయిలు పేరు చివర, ‘ఎట్’ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఆ సైటు పేరు చేర్చి ఇవ్వండి. ఉత్తరాలు మీ పెట్టెకే వస్తాయి. ఎప్పుడైనా ముక్కూమొహం తెలియని కంపెనీ నుంచి అదే చిరునామాకు మెయిలు వస్తే, మీ వివరాలు ఎక్కడి నుంచి బయటికి పోయాయో ఇట్టే తెలిసిపోతుంది.

3. సర్వే మొదలవగానే అడ్రస్ బార్ చూడండి

మా చెల్లెలి కూతురి విషయంలో ‘ప్రారంభించు’ నొక్కగానే పైన వెబ్ చిరునామా మూడుసార్లు మారింది. చివరికి తేలిన పేరు ఆమె చేరిన సైటుది కాదు. ఆ పేరు వెనుక ప్రశ్నార్థకం, దాని తరువాత పొడవైన అంకెల వరుస. ఆమె సభ్యత్వ సంఖ్య అదే. అంటే అక్కడి నుంచి వర్తించేది రెండో సైటు ప్రైవసీ పాలసీ. పేరు, ఫోను నంబరు మొదటి సైటుకు ముందే ఇచ్చారు కనుక రెండో చోట మళ్లీ అడిగితే వెంటనే బయటికి వచ్చేయండి. సభ్యత్వ సంఖ్యకు పేరు జతచేసే పట్టిక మీ చేతులతోనే వాళ్లకు ఇచ్చినట్టవుతుంది.

పేరు ఇవ్వకపోతే చాలనుకోవద్దు. పిన్ కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తించవచ్చని లటాన్యా స్వీనీ అనే అమెరికా పరిశోధకురాలు 1990 జనాభా లెక్కలతో చూపించారు. మన పిన్ కోడ్ పరిధిలో జనం ఎక్కువే కావచ్చు. కానీ వృత్తి, పిల్లల సంఖ్య కూడా కలిస్తే ఎంతమంది మిగులుతారు? పుట్టిన సంవత్సరం చాలు, తేదీ అక్కర్లేదు. ‘చెప్పదలచుకోలేదు’ అన్న గడి ఉంటే వాడుకోండి. లేకపోతే అబద్ధం రాయకండి, సర్వే వదిలేయండి. ఇంట్లోవాళ్ల జబ్బులు, జీతాల గురించి వాళ్లను అడగకుండా జవాబివ్వకండి.

4. డబ్బు తీసుకునేటప్పుడు

పాయింట్లను డబ్బుగా తీసుకోవడానికి యూపీఐ ఐడీ చాలు. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, ఓటీపీ చెప్పనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అది మోసం. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

5. బయటికి వచ్చేటప్పుడు

మెయిళ్లు ఆపించుకుంటే వివరాలు చెరిగిపోవు. ముందు పాయింట్లు తీసేసుకుని, సైటు ఫిర్యాదుల అధికారికి ఇలా రాయండి: ‘నా సమ్మతిని ఉపసంహరించుకుంటున్నాను. నా ఖాతాను, వ్యక్తిగత వివరాలను తొలగించి ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. మీరు ఎవరెవరికి ఇచ్చారో కూడా చెప్పండి.’ సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడం కూడా అంత సులువుగా ఉండాలని చట్టం చెబుతోంది. ఇప్పటికే మొత్తం లెక్కల్లో కలిసిపోయిన జవాబులు మాత్రం వెనక్కి రావు.

రెండు వారాలు ఆగి ‘పాస్‌వర్డ్ మరచిపోయాను’ నొక్కి మీ మెయిలు ఇవ్వండి. తెర మీద ఏం కనిపించినా పట్టించుకోకండి, మీ ఇన్‌బాక్స్ చూడండి. పాస్‌వర్డు మార్చుకునే లింకు వచ్చిందంటే మీ ఖాతా ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. పాత ఉత్తరాన్ని జతచేసి మళ్లీ రాయండి. మా చెల్లెలి కూతురికి ఆ లింకు వచ్చింది. రెండో ఉత్తరం నిన్న రాత్రి వాళ్లమ్మ పక్కన కూర్చుని రాసింది.