కేజీఎఫ్‌లో ఒక రోజు నడక ప్లాన్ చేస్తుంటే

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కి కారులో వెళ్లకండి, రైల్లో వెళ్లండి. కుప్పం వైపు నుంచి వచ్చేవాళ్లు బంగారపేటలో దిగి మారికుప్పం బ్రాంచి లైను బండి పట్టుకుని చివరి స్టేషన్ దాకా పోయి, అక్కడి నుంచి ఛాంపియన్ స్టేషన్ మీదుగా ఊర్గాం స్టేషన్ వైపు వెనక్కి నడుచుకుంటూ రావడం మేలు, ఎందుకంటే దారంతా రైలు లైను దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి కాళ్లు మొరాయించినా టెన్షన్ లేదు. కాకపోతే ఈ బండ్లు ఎక్కువగా బెంగళూరులో ఉద్యోగాలకు పోయొచ్చేవాళ్ల టైమింగులకే నడుస్తాయి, మధ్యాహ్నం బండి దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి. దొరక్కపోతే కేజీఎఫ్‌లోని ప్రధాన పట్టణం రాబర్ట్‌సన్‌పేటకు వచ్చి బస్సెక్కడమే.

గనులు 2001లో మూతపడ్డాయి. 3 కిలోమీటర్ల లోతుకు పైగా తవ్విన చోటు కాబట్టి షాఫ్టుల (గనిలోకి దిగే నిలువు బావులు) దగ్గరికి, కంచె దాటి అస్సలు పోవద్దు, వాటి మీద నిలబెట్టిన హెడ్‌గేర్లు (మనుషుల్ని, రాళ్లని పైకీ కిందకీ దించే ఎత్తైన కట్టడాలు) రోడ్డు మీద నుంచే బాగా కనిపిస్తాయి. సైనైడ్ దిబ్బలు ఎక్కి ఫోటోలు దిగాలని అందరికీ అనిపిస్తుంది (రీల్స్ పుణ్యం). అది బంగారం తీశాక మిగిలిన పిండి లాంటి మట్టి, గాలి వీస్తే నేరుగా ముక్కులోకే, వానకు కోసుకుపోయి అంచులు విరిగిపడతాయి కూడా. దూరం నుంచి చూడండి చాలు, మాస్క్ మాత్రం సంచిలో ఉంచుకోండి.

ఎండాకాలం వద్దు, నీడ తక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అయితే హాయిగా ఉంటుంది. కార్మికుల లైన్ ఇళ్లల్లో ఇప్పటికీ మనుషులున్నారు, అడక్కుండా ఫోటోలు తీయకండి. తమిళం ఎక్కువ వినిపిస్తుంది గానీ తెలుగులో అడిగినా దారి చెప్తారు, చిత్తూరు వైపు నుంచి పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి.