ఇంట్లో కోవిడ్ వస్తే ఆక్సీమీటరు ఎలా చూడాలి

2021 మేలో మా అత్తయ్యకు కోవిడ్ వస్తే డాక్టరుగారు చెప్పినట్టు ఇంట్లోనే ఉంచి చూసుకున్నాం. మందులకంటే ముందు ఆక్సీమీటరు (వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే చిన్న పరికరం) చూడటం నేర్చుకోండి.

మనిషిని కాసేపు స్థిమితంగా కూర్చోబెట్టండి. వేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. గోళ్ల రంగు ఉంటే తీసేయాలి. అత్తయ్య ఎడమచేతి గోళ్లకు గోరింటాకు ఉండేది, అందుకని కుడిచేతి మధ్యవేలికే పెట్టేదాన్ని. పెట్టగానే వచ్చే అంకెతో టెన్షన్ పడకండి. అది పైకీ కిందికీ ఆడుతుంది, ఒకచోట నిలిచాకే టైముతో సహా రాయండి.

తర్వాత గదిలోనే 6 నిమిషాలు నడిపించి మళ్లీ చూడండి. పెద్దవాళ్లకు 3 నిమిషాలు చాలు. కూర్చున్నప్పుడే ఆయాసంగా ఉంటే అసలు నడిపించొద్దు.

ఆక్సిజన్ అంకె 94 కంటే తగ్గితే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఈలోపు బోర్లా పడుకోబెట్టండి: మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, పిక్కల కింద రెండు. అన్నం తిన్న గంటలోపు, గర్భిణులకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇది వద్దు. స్టెరాయిడ్లు సొంతంగా అస్సలు వాడొద్దు.

టీకాకు, కోలుకున్నాక 3 నెలలు ఆగాలన్నది అప్పటి కేంద్ర నియమం. అత్తయ్యకు సెప్టెంబరులో వేయించాం. ఆ రాత్రి జ్వరం వచ్చింది, పారాసిటమాల్‌తో తగ్గింది.