మెట్ల కింద వర్క్‌షాపు: పెగ్‌బోర్డుతో పనిముట్లు గోడకు తగిలించడం ఎలా?

సెల్‌ఫోన్ షాపులో చార్జర్లు, కవర్లు, ఇయర్‌ఫోన్లు వరసగా వేలాడదీసే బెజ్జాల పలకను చూసే ఉంటారు. పెగ్‌బోర్డు అంటే అదే. పలక నిండా సమాన దూరంలో బెజ్జాలు, వాటిలో దూర్చే కొక్కేలు, అంతే సరంజామా. సుత్తి ఇవాళ ఇక్కడుండి రేపు అటు జరగాలంటే కొక్కెం పీకి పక్క బెజ్జంలో పెట్టుకుంటే చాలు, గోడకు మళ్లీ మేకు కొట్టక్కర్లేదు.

మన ఇళ్లలో వర్క్‌షాపుకని విడిగా గది ఉండడం తక్కువ. మెట్ల కింద ఖాళీనో, మోటారు గదో, కారు షెడ్డులో ఒక గోడో దొరికితే గొప్ప. నెల్లూరు వైపు చాలా ఇళ్లలో ఆ మెట్ల కిందే బైకు, ఖాళీ సిలిండరు, గోనెసంచిలో పానాలు ఉంటాయి. పది నంబరు పానా కావాలంటే సంచి మొత్తం నేల మీద గుమ్మరించాలి. రొయ్యల చెరువు ఉన్నవాళ్లకైతే అర్ధరాత్రి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటరు ఆగినప్పుడు ఆ వెతుకులాట మామూలు టెన్షన్ కాదు. నేల మీద జానెడు చోటు కూడా తినకుండా ఈ సామానంతా గోడ మీదికి ఎక్కించొచ్చు.

ముందు పలక సంగతి

బజారులో మూడు రకాలు దొరుకుతాయి. హార్డ్‌బోర్డు చవక, తేలిక, బెజ్జాలు కొట్టే వస్తుంది. ఇనప రేకుది గట్టిది, ఖరీదు ఎక్కువ. మూడోది ప్లైవుడ్ కొని మనమే బెజ్జాలు వేసుకోవడం.

ఊరిని బట్టి ఎంచుకోండి. మార్కాపురం, గిద్దలూరు వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి హార్డ్‌బోర్డు బాగానే నిలుస్తుంది. కావలి, కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో మాత్రం దాని జోలికి పోవద్దంటాను. నెల్లూరు జిల్లాకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ నెలల్లో గోడకు చెమ్మెక్కితే హార్డ్‌బోర్డు అంచులు ఉబ్బుతాయి, బెజ్జాలు వదులై కొక్కేలు ఊడొస్తాయి. ఇనప రేకుకు ఉప్పుగాలి పడదు. పౌడర్ కోటింగ్ ఎక్కడ గీరుకుపోతే అక్కడ తుప్పు మొదలవుతుంది.

అందుకే తీరం వైపు వాళ్లకు నా ఓటు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కే. పలక మీద ఐ.ఎస్. 710 ముద్ర ఉంటే అది మెరైన్ గ్రేడు, నీళ్లకు ఓర్చుకునే రకం. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. మనకు 4 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు ముక్క చాలు, షాపులోనే కోయించుకోండి. ఇంట్లో కబోర్డులు చేయించినప్పుడు మిగిలిన ముక్క ఉంటే ఇంకా మంచిది.

బెజ్జాలు వేయడం

రెడీమేడ్ బోర్డుల్లో బెజ్జానికీ బెజ్జానికీ సాధారణంగా అంగుళం దూరం ఉంటుంది. చేత్తో వేసేటప్పుడు అంత దగ్గరగా అనవసరం, రెండంగుళాలు చాలు. నాలుగు వైపులా రెండంగుళాలు వదిలి, స్కేలు, మూలమట్టంతో గళ్లు గీయండి. గీతలు కలిసిన ప్రతి చోటా మేకు మొనతో చిన్న గంటు పెట్టాలి, లేకపోతే డ్రిల్లు బిట్టు జారి వరస తప్పుతుంది. సరిగ్గా మధ్య నిలువు వరసను మాత్రం వదిలేయండి, దాని వెనక చెక్క వస్తుంది. అలా లెక్కేస్తే 242 బెజ్జాలవుతాయి. ఒక్క పూటలో అన్నీ కొట్టాలని లేదు, పై సగం కొట్టి పని మొదలుపెట్టొచ్చు.

పావంగుళం కొక్కేలకు ఆరున్నర మిల్లీమీటర్ల బిట్టు సరిపోతుంది. పలక కింద పనికిరాని చెక్క ఒకటి పెట్టి, రెంటినీ క్లాంపుతో బిగించి కొట్టండి. కింద చెక్క లేకపోతే బిట్టు అవతలికి వచ్చే చోట ప్లైవుడ్ పేళ్లు లేస్తుంది. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

తర్వాత ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు, దాని మీద రెండు పూతలు లేత రంగు ఆయిల్ పెయింటు వేయండి. ముందువైపు ఎలాగూ వేస్తారు, వెనకవైపు, కోసిన అంచులు మర్చిపోకూడదు. చెమ్మ తగిలేది అటే. పెయింటుతో పూడిన బెజ్జాలు ఆరాక మేకుతో పొడిస్తే తెరుచుకుంటాయి.

అసలు కిటుకు: వెనక ఖాళీ

ఈ పని మొత్తంలో పలక కన్నా పలక వెనక వదిలే ఖాళీయే ముఖ్యం. పెగ్‌బోర్డు కొక్కేన్ని పక్కనుంచి చూడండి. బెజ్జంలోకి పోయే కొస పైకి వంగి ఉంటుంది. కొక్కేన్ని ఏటవాలుగా పైకెత్తి ఆ కొసను లోపలికి దూర్చి, తర్వాత కిందికి దించాలి. అప్పుడు ఆ కొస పలక వెనకభాగాన్ని పట్టుకుంటుంది, బరువు పడేకొద్దీ పట్టు బిగుస్తుంది. పలకను గోడకు అంటించి బిగిస్తే ఆ కొసకు చోటెక్కడిది? కొక్కెం సగంలోనే ఆగిపోతుంది. పైగా గోడ చెమ్మంతా పలక పీల్చుకుంటుంది, మధ్యలో చెదలు చేరినా కంటపడవు.

కాబట్టి గోడకూ పలకకూ మధ్య అంగుళం మందం రీపర్లు, అంటే సన్నని చెక్క పట్టీలు వేయాలి. ఒకటిన్నర అంగుళం వెడల్పు, రెండడుగుల పొడవున్నవి మూడు చాలు. రెండు చివర్లలో రెండు, మధ్యలో ఒకటి. వాటిని నిలువుగానే వేయమని నేను పట్టుబడతాను. అడ్డంగా వేస్తే గాలి ఆగిపోతుంది. నిలువుగా వేస్తే కింద నుంచి పైకి గాలి ఆడుతుంది, వానాకాలంలోనూ వెనక ఆరిపోతుంటుంది. రీపర్లకు ముందే చెదల మందు పూసి ఆరబెట్టండి.

గోడకు బిగించడం

డ్రిల్లు పట్టే ముందు గోడలో ఏముందో ఆలోచించండి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా వైర్లు పోతుంటాయి, కుళాయికి పైపు పోతుంటుంది. ఆ వరసలు వదిలేయండి. మోటారు గదిలో అయితే మెయిన్ కట్టేసి, డ్రిల్లుకు కరెంటు వేరే లైను నుంచి తెచ్చుకోండి.

ఎర్ర ఇటుక, బూడిద ఇటుక గోడలకు 8 మిల్లీమీటర్ల గోడ బిట్టు, అదే సైజు ప్లాస్టిక్ ప్లగ్గులు (గోడ బెజ్జంలో దూర్చి స్క్రూ బిగించే గొట్టాలు), మూడంగుళాల స్క్రూలు కావాలి. అంత పొడుగెందుకంటే రీపరుకే అంగుళం పోతుంది, ఆ తర్వాత సిమెంటు పూత ఇంకో అర అంగుళం పైనే ఉంటుంది. ప్లగ్గు పూతలోనే ఆగిపోతే లాభం లేదు, అది ఇటుకలోకి దిగాలి. బిట్టుతో పాటు ఎర్రటి పొడి వస్తుంటే ఇటుక అందినట్టు. బూడిద ఇటుకలో రంగు తేడా అంతగా తెలియదు, బిట్టుకు తగిలే గట్టిదనమే గుర్తు. బెజ్జం కింద కాగితాన్ని దోనెలా మడిచి టేపుతో అంటిస్తే పొడి అందులోనే పడుతుంది, ఇంట్లోవాళ్లతో మాట పడక్కర్లేదు.

బోలు సిమెంటు ఇటుకలైతే లోపలంతా డొల్ల. మామూలు ప్లగ్గు తిరుగుతూనే ఉంటుంది తప్ప బిగియదు. వాటికి లోపల విచ్చుకునే రకం వేరే ప్లగ్గులు అడగండి. పడమటి మండలాల పాత రాతిగోడల్లో బిట్టు అనుకున్న చోట దిగదు, పక్కకు జారుతుంది. అలాంటి చోట గోడతో కుస్తీ పట్టకుండా, నేల మీద నుంచి రెండు నిలువు చెక్కలు నిలబెట్టి పలకను వాటికి బిగించి, గోడకు పైన రెండు చోట్ల మాత్రం కట్టు వేయడం తేలిక.

ముందు మధ్య రీపరును గోడకు పెట్టి, పైన ఒక స్క్రూ సగం బిగించి, రసమట్టంతో నిలువు చూసుకుని మిగతా స్క్రూలు బిగించండి, చివరి రెండు రీపర్లూ అలాగే. రసమట్టం లేకపోతే దారానికి బరువైన నట్టు కట్టి వేలాడదీసినా నిలువు తెలుస్తుంది. రీపరుకు మూడు స్క్రూలు. ఆ తర్వాత ఇద్దరు కలిసి పలక ఎత్తాలి, ఒక్కటే ఐదారు కిలోల బరువుంటుంది. ఒకటింపావు అంగుళం స్క్రూలతో రీపర్లకు బిగించేయండి. హార్డ్‌బోర్డయితే స్క్రూ తల కింద వాషరు వేయాలి.

మెట్ల కింద బిగించేవాళ్లకు ఒక మాట. అక్కడ కప్పు ఏటవాలుగా దిగుతుంది. పలకను ఎత్తున్న వైపు పెట్టండి. వంగి లేచేటప్పుడు తల తగిలే చోట ఏ కొక్కెం ఉండకూడదు. బైకు కూడా అక్కడే పెడతారా? పనిముట్లు గోడ నుంచి బెత్తెడు, కొన్నయితే ఇంకా ఎక్కువే ముందుకొస్తాయి. బైకు హ్యాండిలు తిప్పి చూసుకున్నాకే పలక ఎత్తు నిర్ణయించండి.

ఏది ఎక్కడ

పలక గోడకెక్కాక కాదు, ఎక్కకముందే దాన్ని నేల మీద పరిచి సామానంతా దాని మీద పేర్చి చూడండి. రోజూ చేతికొచ్చే టెస్టరు, కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవర్లు ఛాతీ ఎత్తులో మధ్యన పెట్టుకోండి. పానాలు నంబరు వరసలో ఉండాలి. రంపం, ఉలులు, హ్యాక్సా పిల్లలకందని పై వరసలో. పైపు రెంచి, పెద్ద సుత్తి లాంటి బరువులు కింది వరసలో, రీపరుకు దగ్గరగా, ఒక్కోదానికి రెండేసి కొక్కేలు. డ్రిల్లింగ్ మిషను, గ్రైండరును కొక్కేనికి వేలాడదీయకండి, రీపర్లలోకి స్క్రూలు దిగేలా చిన్న చెక్క అర బిగించి దాని మీద పెట్టండి. గడ్డపార, పార జోలికి ఈ పలక పోదు, వాటికి మూల ఉంది.

రెడీమేడ్ కొక్కేలు దొరక్కపోతే ఆరు మిల్లీమీటర్ల జి.ఐ. (జింకు పూత ఇనప) కడ్డీని ముక్కలుగా కోసి వైసులో వంచుకోవచ్చు. లోపలికి పోయే కొస ముప్పావు అంగుళం కన్నా పొడుగుంటే గోడకు తగులుతుంది, జాగ్రత్త. పనిముట్టు తీసేటప్పుడు కొక్కెం కూడా ఊడి చేతికొస్తోందంటే మెడ దగ్గర రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు చుట్టండి. మేకులు, స్క్రూలు, వాషర్ల కోసం మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలు మంచివి, లోపలేముందో బయటికి కనపడుతుంది.

అంతా కుదిరిందనుకున్నాక ఒక్కో పనిముట్టు చుట్టూ మార్కరుతో గీత గీయండి. నెల రోజులు వాడాకే గీయడం మేలు, ఈలోపు సగం సామాను చోటు మారుతుంది. గీత ఉంటే ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్కింటాయన "అన్నా, పన్నెండు పానా ఒకసారి ఇవ్వు" అని పట్టుకుపోయినది తిరిగి రాలేదని అప్పుడే గుర్తొస్తుంది.

తీరం వైపు ఇనప సామానుకు ఇంకో పని ఉంది. చెరువు దగ్గర వాడిన పానాలు ఉప్పునీళ్ల చేతులతోనే తెచ్చి తగిలిస్తే వారంలో ఎర్రబడతాయి. మంచినీళ్లతో కడిగి, తుడిచి, మిషన్ ఆయిల్ గుడ్డతో ఒకసారి రాసి తగిలించండి. ఆ గుడ్డకు కూడా పలక మీదే ఒక కొక్కెం కేటాయించండి.

ఏటా సెప్టెంబరులో, వానలకు ముందు, పలకను రెండు చేతులతో పట్టి ముందుకు లాగి చూడండి. ఎక్కడైనా కదిలితే ఆ చోట స్క్రూ తీసి, బెజ్జాన్ని 10 మిల్లీమీటర్లకు పెంచి, పెద్ద ప్లగ్గు, దానికి తగిన లావు స్క్రూ వేయండి. రీపరు మీద మట్టి గీతలు కనిపిస్తే అవి చెదలు, పలక దించి మందు కొట్టాల్సిందే.