హైకూలో వైఫై డ్రైవర్: చదవగానే చెరిగిపోయే రిజిస్టర్

హైకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కు వైఫై డ్రైవర్‌ను మొదటి నుంచి రాయనక్కరలేదు. ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్‌ను దాదాపు ఉన్నదున్నట్టు తెచ్చి, రెంటికీ పొత్తు కుదిర్చే అనుకూలత పొర మీద నడిపించవచ్చు. పాత ల్యాప్‌టాప్ కార్డు కోసం నేనూ ఆ దారే పట్టాను. కంపైల్ అయింది, కార్డును గుర్తించింది. స్కాన్ చేస్తే మాత్రం ఒక్క నెట్‌వర్కూ కనిపించలేదు.

లాగ్‌లో సంగతి బయటపడింది. ఇంటరప్టులు (పని ఉందని కార్డు పంపే సంకేతాలు) వస్తున్నాయి, కానీ వాటికి స్పందించే డ్రైవర్ ఫంక్షన్‌కు, అంటే హ్యాండ్లర్‌కు, ఏం జరిగిందో చెప్పే స్థితి సున్నాగా అందుతోంది.

హైకూలో ఇంటరప్టు రాగానే ఒక చిన్న ఫంక్షన్ అది మన కార్డుదేనా అని చూసి, కార్డు ఇంటరప్టులను ఆపుతుంది. అసలు పనిని తర్వాత వేరే త్రెడ్‌లో హ్యాండ్లర్ చేస్తుంది, అదీ స్థితిని మళ్లీ చదువుతుంది. ఈ చిప్‌లోనేమో స్థితి రిజిస్టర్‌ను (ఆ స్థితి ఉండే చిన్న నిల్వ చోటును) ఒక్కసారి చదివితే చాలు, బిట్లు చెరిగిపోతాయి. ఒకరు చదివి చించేసిన ఉత్తరం కోసం మరొకరు ఎదురుచూసినట్టే!

అందుకే మొదట చదివిన విలువను డ్రైవర్ సొంత స్ట్రక్చర్‌లో అటామిక్‌గా (మధ్యలో మరో త్రెడ్ అడ్డురాకుండా) భద్రపరిచి, హ్యాండ్లర్ రిజిస్టర్‌కు బదులు దాన్నే తీసుకునేలా మార్చాను. నెట్‌వర్కుల జాబితా వెంటనే నిండింది, ఎంత సంతోషమో! పని ముగిశాక ఇంటరప్టులను తిరిగి తెరిచే చోటు కూడా తప్పక చూసుకోండి. అది లేకపోతే ఒక్క ఇంటరప్టుతోనే కార్డు మూగబోతుంది. మూల డ్రైవర్‌లో ఒక్కచోటే చెయ్యి పెట్టాను కాబట్టి, ఫ్రీబీఎస్‌డీలో వచ్చే కొత్త మార్పులను కలుపుకోవడం తేలిక.