వైద్యుల రిజిస్ట్రేషన్ సస్పెన్షన్, రద్దు: అప్పీలు, పునరుద్ధరణ దరఖాస్తు విధానం

ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా అల్లోపతి వైద్యుడి లైసెన్సు అని మనం వాడుకలో అనేది, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఆయన పేరు ఉండటాన్నే. ఆ పేరును కొంతకాలానికి తీసివేస్తే సస్పెన్షన్, పూర్తిగా కొట్టివేస్తే రద్దు. ఇందుకు ఆధారం 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 30వ సెక్షన్, 2002 నాటి వృత్తి ప్రవర్తనా నియమావళి. 2023లో కొత్త నియమావళి వచ్చినా, కమిషన్ దాన్ని ఆ ఆగస్టులోనే నిలిపివేసి పాతదాన్నే కొనసాగించింది.

ఫిర్యాదు విచారణలో వైద్యుడు స్వయంగా గాని, న్యాయవాది ద్వారా గాని వాదన వినిపించుకోవచ్చు. నిర్ణయానికి నియమావళి పెట్టిన గడువు 6 నెలలు. ఈలోగా వివాదంలో ఉన్న చికిత్సను చేయవద్దని ఆదేశించే అధికారం కౌన్సిల్‌కు ఉంది.

ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే, అది అందిన నాటి నుంచి 60 రోజుల్లోగా జాతీయ వైద్య కమిషన్ కింద పనిచేసే ఎథిక్స్ అండ్ మెడికల్ రిజిస్ట్రేషన్ బోర్డుకు అప్పీలు చేసుకోవాలి. ఉత్తర్వు మీద మార్చి 1 అని ఉండి, తపాలాలో మార్చి 18న చేతికి వస్తే లెక్క 18 నుంచే మొదలవుతుంది కనుక, పోస్టాఫీసు ముద్ర ఉన్న కవరును పారేయకుండా ఉత్తర్వుకే పిన్ను చేసి ఉంచుకోవాలి. జాప్యానికి తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతించే వీలుంది. బోర్డు నిర్ణయంపై రెండో అప్పీలు కమిషన్‌కు. దానికీ గడువు 60 రోజులే. 30వ సెక్షన్ అప్పీలు హక్కును వైద్యుడికి మాత్రమే పేర్కొన్నది, ఫిర్యాదు చేసిన రోగి ఊసే ఎత్తలేదు. ఇది చట్టంలోని లోపమనే చెప్పాలి.

అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగిపోదు, స్టే విడిగా కోరాలి. పేరు రిజిస్టర్‌లో లేని రోజుల్లో ప్రాక్టీసు చేస్తే అదే చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సస్పెన్షన్ గడువు ముగిశాక పేరును తిరిగి చేర్చాలని కౌన్సిల్ ఉత్తర్వులోనే ఆదేశించవచ్చు, ఆదేశించకపోనూవచ్చు. కాబట్టి ముందుగా ఆ వాక్యం ఉందో లేదో చూసుకోవాలి. ఉన్నా లేకున్నా, గడువు పూర్తయిన తేదీని, ఆ కాలంలో ప్రాక్టీసు చేయలేదన్న మాటను స్పష్టంగా రాసి, ఉత్తర్వు ప్రతిని, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలును జతపరచి రిజిస్ట్రార్‌కు దరఖాస్తు ఇచ్చి, మన దగ్గరుండే ప్రతిపై ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవడం మేలు. పేరు మళ్లీ రిజిస్టర్‌లోకి ఎక్కినట్లు రాతపూర్వకంగా తెలిసేదాకా క్లినిక్ తెరవకూడదు.